గుర్రానికి పొగరా, నొప్పా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని పంపడం మా నాన్నగారి కాలం నుంచి మా ఇంటి వృత్తి. మా దగ్గర తొమ్మిదేళ్ళ కఠియావాడీ ఆడగుర్రం ఉంది. ఇన్నేళ్ళూ ఎంతో నెమ్మదిగా ఉండేది. రెండు నెలలుగా జీను వేసి తంగు (జీను జారకుండా రొమ్ము కింద కట్టే పట్టీ) బిగించబోతే చెవులు వెనక్కి పెట్టి, తల తిప్పి కరవడానికి వస్తోంది. ఉలవలు సగం తిని వదిలేస్తోంది, గడ్డి మాత్రం తింటోంది. కుంటడం లేదు, జ్వరం లేదు. పశువుల డాక్టర్ గారు వచ్చి కాళ్ళు చూసి ఏమీ లేదన్నారు. తెలిసినవాళ్ళు దానికి పొగరెక్కిందని, ముళ్ళ కళ్ళెం వేస్తే దారికొస్తుందని అంటున్నారు. గుర్రం కుక్కలా ఏడవదు కదా, దానికి నొప్పి ఉందో లేదో మాకెలా తెలుస్తుంది? ఉంటే మనుషుల నొప్పి మాత్రలు వేయవచ్చా?

సమాధానం: ముళ్ళ కళ్ళెం ఆలోచన ముందుగా మానుకోండి. బండి లాగే పశువులకు, బరువు మోసే పశువులకు సంబంధించిన 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు ముళ్ళ కర్రలను, ముళ్ళ కళ్ళేలను నిషేధించాయి. చట్టం సంగతి అలా ఉంచినా, ఒంట్లో ఒకచోట ఉన్న బాధకు నోట్లో మరో బాధను జతచేస్తే గుర్రం కరవడం మానుకోవచ్చు గాని అసలు బాధ ఎక్కడికీ పోదు. పైగా అది మీకు ఇస్తున్న హెచ్చరిక కూడా ఆగిపోతుంది.

మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ఇది పొగరు కాదు, నొప్పి అనే నాకు గట్టిగా తోస్తోంది. ఏళ్ళ తరబడి నెమ్మదిగా ఉన్న గుర్రం తొమ్మిదో ఏట ఏ కారణమూ లేకుండా స్వభావం మార్చుకోదు. దాని కోపం రోజంతా కనిపించడం లేదు, తంగు బిగించే ఆ రెండు నిమిషాలకే పరిమితమై ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గడ్డి తింటూనే ఉలవలు వదిలేస్తోంది; మొండితనం చూపదలచిన గుర్రం తనకిష్టమైన దాణాను వదులుకోదు. డాక్టర్ గారు కాళ్ళలో ఏమీ లేదని చెప్పడం తప్పు కాకపోవచ్చు, కాని వారు చూసింది కాళ్ళు మాత్రమే.

గుర్రం తన బాధను బయటపెట్టకపోవడానికి కారణముంది. అది మైదానాల్లో మందగా మేస్తూ, తోడేళ్ళ వంటి వేటజంతువుల నుంచి పరుగెత్తి ప్రాణం కాపాడుకున్న జాతి. మందలో ఏది బలహీనంగా కనిపిస్తే దాని మీదే వేటజంతువు కన్ను పడుతుంది కనుక, బాధను దాచుకోగలిగిన గుర్రాలే బతికి బట్టకట్టాయి. మనిషి దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఈ అలవాటు పనిచేస్తుంది. అప్పటిదాకా గోడవైపు తిరిగి తల దించుకుని నిలబడ్డ గుర్రం, మీ చెప్పుల చప్పుడు వినగానే చెవులు నిక్కించి, తల ఎత్తి, దాణా కోసం ముందుకు వస్తుంది. మీరు చూసేది ఆ రెండో రూపాన్నే. డాక్టర్ గారికి కూడా పది నిమిషాల పాటు అదే కనిపిస్తుంది. అందువల్ల మీరు చేయవలసిన మొదటి పని, ఫోన్‌ను శాలలో ఒక మూల పెట్టి, ఎవరూ లేనప్పుడు ఒక గంట పాటు వీడియో తీయడం. మధ్యాహ్నం దాణా అరిగే వేళ ఒకటి, రాత్రి నిద్రవేళ ఒకటి, జీను వేసే సమయంలో ఒకటి ఉంటే చాలు. డాక్టర్ గారికి మీరు నోటితో చెప్పగలిగిన దానికన్నా ఆ వీడియోలు ఎక్కువ చెబుతాయి.

ఆ వీడియోలలో మొదట ముఖం చూడండి. 2014లో ఇటలీ, బ్రిటన్, జర్మనీలకు చెందిన పరిశోధకులు, బీజం కొట్టే శస్త్రచికిత్స జరిగిన మగగుర్రాల ముఖాలను ఆపరేషన్‌కు ముందు, తరువాత పోల్చి చూసి, నొప్పిని ముఖంలో గుర్తించడానికి ఆరు గుర్తులున్న ఒక కొలమానాన్ని తయారుచేశారు. ఒక్కో గుర్తుకు, అది లేకపోతే సున్నా, కొంచెం ఉంటే 1, స్పష్టంగా ఉంటే 2 వేస్తారు. మొత్తం 12కు లెక్క. ఇంటి దగ్గర మీరు అంకెలు వేయకపోయినా ఫరవాలేదు, చూడవలసిన చోట్లు తెలిస్తే చాలు.

చెవులు బిగుసుకుని వెనక్కి, పక్కలకు తిరుగుతాయి, రెండు చెవుల మధ్య ఎడం పెరిగినట్టు కనిపిస్తుంది. కోపంలో చెవులు మెడకు అతుక్కుపోతాయి గాని క్షణాల్లో మళ్ళీ లేస్తాయి. నొప్పిలో ఉన్న చెవులు అంతగా పడిపోవు, కాని ఎంతసేపు చూసినా ముందుకు రావు. కంటి రెప్పలు కొంత దగ్గరపడతాయి, అయినా అది నిద్రమత్తు కాదు, చూపు ఎటో నిలిచిపోయి ఉంటుంది. కంటికి పైన ఉన్న చర్మం బిగిసి, దాని అడుగున ఉన్న ఎముక అంచు స్పష్టంగా బయటపడుతుంది. చెంప మీద నమిలే కండరం, నోట్లో ఏమీ లేకపోయినా గట్టిపడి ఉబ్బుగా కనిపిస్తుంది. పై పెదవి వెనక్కి లాగుకుని, కింది పెదవి బిగిసి, గడ్డం ముద్దలా ముందుకు వస్తుంది. మామూలుగా మెత్తగా ఉండే ముక్కుపుటాలు బిగుసుకుని కొంచెం విప్పారి, పక్కనుంచి చూస్తే ముక్కు నుంచి పెదవి దాకా ఉండే ఒంపు చదునైపోతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నొప్పి ఉందని తేల్చలేము. మూడు నాలుగు ఒకేసారి, ఎవరూ లేనప్పుడు, పదే పదే కనిపిస్తే మాత్రం కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఇక్కడ పొరబడే అవకాశాలు కూడా చెప్పాలి. కునికిపాట్లు పడుతున్న గుర్రానికి కూడా చెవులు పక్కలకు వాలతాయి, కళ్ళు సగం మూతపడతాయి, అయితే దాని కింది పెదవి వదులుగా వేలాడుతుంది, గడ్డం మెత్తగా ఉంటుంది. మేస్తున్న గుర్రానికి చెంప కండరం ఉబ్బడం సహజం. బ్యాండు మేళం పక్కన, టపాకాయల మధ్య నిలబడ్డ గుర్రం ముఖంలో భయం కూడా నొప్పిలాగే కనిపించవచ్చు కనుక ఊరేగింపులో తీసిన వీడియోలు ఈ పనికి పనికిరావు. మత్తు ఇంజెక్షన్ చేసిన రోజు కూడా వదిలేయండి. కంటి విషయంలో ఒక ప్రత్యేకత ఉంది: ఒక్క కన్ను మాత్రమే మూసుకుని, దాని పై రెప్ప వెంట్రుకలు నిటారుగా కాకుండా కిందికి వాలి ఉంటే ఆ నొప్పి కంటిలోనే ఉందని అర్థం, అది ఆ రోజే డాక్టర్‌కు చూపించవలసిన విషయం.

ముఖం తరువాత నిలబడే తీరు. వెనుక కాళ్ళలో ఒకదాన్ని మడిచి గిట్ట కొన మీద ఆనించి నిలబడడం గుర్రానికి విశ్రాంతి. ముందుకాలు ఒకటి ముందుకు చాపి పెట్టడం విశ్రాంతి కాదు. ముందుకాళ్ళ మీది బరువును మాటిమాటికీ ఒకదాని మీద నుంచి ఇంకొకదాని మీదికి మార్చడం, రెంటినీ ముందుకు చాపి ఒళ్ళంతా వెనక్కి వాల్చడం గిట్టల లోపలి వాపుకు గుర్తులు, దాణా ఎక్కువగా తినే గుర్రాలకు ఆ ముప్పు ఉంటుంది. గిట్టకు పైన ఉండే కీలు వెనుక భాగంలో రెండు పక్కలా వేళ్ళు ఆనిస్తే ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో నాడి తగిలీ తగలనట్టు ఉంటుంది; వాపు ఉన్నప్పుడు అది టకటకా కొట్టుకుంటుంది, గిట్ట వేడిగా ఉంటుంది. మీ గుర్రం కుంటడం లేదన్నారు, కాని ఒక సంగతి గమనించండి: కుంటు కనిపించాలంటే ఒక కాలు రెండో కాలికన్నా ఎక్కువ నొప్పి పెట్టాలి. రెండు ముందుకాళ్ళూ సమానంగా నొప్పి పెడితే గుర్రం కుంటదు, అడుగు మాత్రం కురచ అవుతుంది, గట్టి రోడ్డు మీద నడవడానికి వెనకాడి మట్టి అంచుకు జరుగుతుంది. సిమెంటు రోడ్ల మీద గంటల తరబడి నడిచే, ఒకేచోట చిందులు వేసే పెళ్ళి గుర్రాలలో ఈ రకం సులువుగా కంటబడకుండా పోతుంది.

ఇక మీ అసలు సమస్య, తంగు. గుర్రం కరవడానికి రావడం దాని చివరి మాట. అంతకు ముందే అది నాలుగైదు సార్లు చెప్పి ఉంటుంది. ఊరేగింపు లేని ఒక రోజు, హడావుడి లేకుండా ఈ పరీక్ష చేయండి. ఒకరు తల దగ్గర తాడును వదులుగా పట్టుకుని నిలబడాలి; గుంజకు కట్టేయవద్దు. ఇంకొకరు ఫోన్‌తో ముఖాన్ని వీడియో తీయాలి. మీరు ఎడమ భుజం పక్కన, వెనుక కాలికి అందనంత ముందుకు నిలబడి, అరచేతిని మూపు మీద నుంచి మోచేయి వెనుకగా తంగు పడే దారిలో రొమ్ము అడుగు దాకా నెమ్మదిగా నడిపించండి. తరువాత అదే దారిలో వేలి కొనలతో కొద్దిగా నొక్కుతూ రండి. ఈగ వాలినప్పటిలా చర్మం అదరడం, ఊపిరి ఒక్క క్షణం బిగబట్టడం, తోక ఒకసారి విసరడం, పొట్ట కండరాలు పైకి గుంజుకోవడం, తల కదపకుండా కన్ను మాత్రం మీవైపు తిప్పి తెల్లగుడ్డు చూపడం, వీటిలో ఏది ఎక్కడ కనిపించిందో అక్కడ ఆగి, చేయి తీసి, కొద్దిసేపటి తరువాత మళ్ళీ అక్కడే నొక్కి చూడండి. అదే చోట మళ్ళీ అదే కనిపిస్తే అది యాదృచ్ఛికం కాదు. ఆ తరువాత తంగు లేకుండా ఉత్త జీను వేసి ఆగండి. పిదప తంగును వదులుగా తగిలించి ఆగండి. చివరికి ఒక్కో రంధ్రం బిగిస్తూ రండి. చేయి తగలగానే ఇబ్బంది పడితే చర్మంలోనో కండరంలోనో, జీను బరువు పడగానే ఇబ్బంది పడితే వీపులోనో, బిగించినప్పుడే ఇబ్బంది పడితే రొమ్ములోనో పొట్టలోనో సమస్య ఉండవచ్చునని డాక్టర్ గారు వెతకడానికి ఒక దారి దొరుకుతుంది. అది కరవబోతే చేయి చేసుకోవద్దు, అక్కడితో ఆపేయండి.

జీనును కూడా తిరగేసి చూడండి. ఊరేగింపు జీనుల మీద జరీ, అద్దాలు, ఇత్తడి పువ్వులు కుట్టేటప్పుడు వాటి కుట్లు, మొలల కొనలు లోపలివైపుకు వస్తుంటాయి. పాత చెమట ఎండి తంగు అంచు గరగరలాడే చెక్కలా అవుతుంది. మూపు మీద, వీపు మీద కొత్తగా తెల్ల వెంట్రుకలు మొలిచి ఉంటే అక్కడ జీను చాలాకాలం నొక్కిందని తెలుసుకోవచ్చు.

జీను బాగానే ఉండి, చర్మం మీద పుండు లేకపోతే, మీరు చెప్పిన లక్షణాలకు నేను మొదట అనుమానించేది పొట్టలోని పుండ్లను. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా రోజంతా ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. పగలూ రాత్రీ కొంచెం కొంచెంగా మేసే జంతువుకు ఈ ఏర్పాటు సరిగ్గా సరిపోతుంది, కాని రెండు పూటలా గంపెడు దాణా పెట్టి మధ్యలో ఖాళీ కడుపుతో నిలబెట్టే గుర్రానికి ఇదే శాపమవుతుంది. కడుపు పైభాగానికి ఆమ్లాన్ని తట్టుకునే జిగురుపొర ఉండదు. ఖాళీ కడుపుతో గుర్రం దౌడు తీసినప్పుడు, చిందులు వేసినప్పుడు ఆమ్లం ఎగసి ఆ భాగాన్ని తాకుతుంది. సాయంత్రం అలంకారం మొదలుపెట్టినప్పటి నుంచి అర్ధరాత్రి ఊరేగింపు ముగిసేదాకా గడ్డిపరక ముట్టని పెళ్ళి గుర్రానికి పుండ్లు రావడంలో ఆశ్చర్యం లేదు. గడ్డి తిని దాణా వదిలేయడం, తంగు దగ్గర చిరాకు, మెరుపు తగ్గిన వెంట్రుకలు, పళ్ళు కొరకడం, పనేమీ లేనప్పుడు మాటిమాటికీ ఆవలించడం దీని గుర్తులు. నిర్ధారణకు ముక్కు ద్వారా పొడవైన ఎండోస్కోపు (కెమెరా ఉన్న గొట్టం) పంపి చూడడమే సరైన పద్ధతి, ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్‌తో చికిత్స సాధారణంగా వారాల తరబడి సాగుతుంది.

చికిత్స మొదలయ్యేలోపు మీరు చేయగలిగింది మేత మార్చడం. రోజుకు శరీర బరువులో కనీసం ఒకటిన్నర శాతం ఎండుమేత పడాలి, అంటే 400 కిలోల గుర్రానికి 6 కిలోలు. దాన్ని రాత్రి కూడా అందేలా విడతలుగా వేయండి. ఉలవలు తగ్గించి, ఎక్కువ పూటలకు పంచండి. దాణా ఏదైనా ఒక్కరోజులో మార్చవద్దు, వారం పది రోజులలో కొద్దికొద్దిగా మార్చండి. జీను వేయడానికి అరగంట ముందు కొంచెం లూసర్న్ గడ్డి తినిపిస్తే, దానిలోని కాల్షియం ఆమ్లాన్ని కొంత చల్లారుస్తుంది.

పుండ్లే కారణమని నేను ఇక్కడి నుంచి తేల్చి చెప్పలేను కనుక డాక్టర్ గారితో నోరు, వీపు, అండాశయాలు కూడా చూడమని చెప్పండి. గుర్రం పళ్ళు జీవితాంతం పెరుగుతూ అరుగుతూ ఉంటాయి, చెంపవైపు అంచులు కత్తిలా తేలితే గట్టి గింజ నమలడం కష్టమవుతుంది. సగం నమిలిన గడ్డి ముద్దలుగా కింద పడుతున్నా, లద్దెలో ఉలవలు నలగకుండా వస్తున్నా అది నోటి బాధ. తంగు దగ్గర కోపం సుమారు మూడు వారాలకొకసారి పెరిగి తగ్గుతుంటే ఎదకాలానికి సంబంధం ఉండవచ్చు, క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.

బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు సూ డైసన్ స్వారీలో ఉన్న గుర్రాల కోసం 24 ప్రవర్తనల జాబితా తయారుచేశారు. చెవులు ఐదు సెకన్లకు మించి వెనక్కి ఉండడం, పదే పదే నోరు తెరవడం, తోక విసురుతూ ఉండడం, తల పక్కకు వంచడం, తడబడడం వంటివి అందులో ఉన్నాయి, ఎనిమిది లేదా అంతకు మించి కనిపిస్తే ఒంట్లో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని ఆమె తేల్చారు. ఆమె చెప్పినది మైదానంలో జరిగే స్వారీ గురించి. మీరు కూడా ఖాళీ మైదానంలో, తేలికపాటి మనిషిని ఎక్కించి, చికిత్సకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది.

మాత్రల విషయంలో నా జవాబు గట్టిగా వద్దనే. నొప్పిని తగ్గించే చాలా మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. పుండ్లున్న గుర్రానికి అవి వేస్తే రెండు రోజులు హుషారుగా కనిపించి తరువాత పరిస్థితి విషమించవచ్చు. ఒంట్లో నీరు తగ్గిన గుర్రంలో మూత్రపిండాలకు కూడా చేటు. నొప్పి ఉందో లేదో తేల్చడానికి కొన్ని రోజులు మందు ఇచ్చి ప్రవర్తన మారుతుందేమో చూడడం పశువైద్యంలో ఉన్న పద్ధతే, కాని మీ గుర్రం విషయంలో ముందు పొట్ట సంగతి ఆలోచించాకే డాక్టర్ గారు ఆ పని చేయాలి. ఇళ్ళలో ఎక్కువగా ఉండే డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడడం మన దేశంలో 2006 నుంచి నిషిద్ధం, ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోతాయి. మన దగ్గర మిగిలిన కాసిని రాబందులకు కూడా ఈ నిషేధం అవసరమే.

నెమ్మదిగా చూద్దామని ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. విశ్రాంతిగా ఉన్న గుర్రం నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. కింది దవడ ఎముక అంచున, లోపలివైపు దారంలా తగిలే నాడి మీద బొటనవేలు కాకుండా మిగిలిన వేళ్ళు ఆనించి, చల్లని ఉదయం వేళ కొన్ని రోజులు లెక్కపెట్టి మీ గుర్రానికి మామూలు అంకె ఏదో రాసిపెట్టుకోండి. ఎండలో నడవకుండా, బెదరకుండా నిలబడి ఉండగా అది 60 దాటినా, డొక్కవైపు మాటిమాటికీ చూస్తూ నేల గీరుతున్నా, పడుకుని లేస్తూ పొర్లుతున్నా, లద్దె ఆగిపోయినా, పని తరువాత ఒళ్ళు బిగుసుకుని మూత్రం కాఫీ రంగులో వచ్చినా వెంటనే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి డాక్టర్‌ను పిలిపించండి. అలాంటప్పుడు వెదురు గొట్టంతో నోట్లో నూనె పోసే పాత అలవాటు చాలా ప్రమాదకరం. గుర్రం వాంతి చేసుకోలేదు, బలవంతంగా పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు జబ్బుకన్నా ముందు అదే ప్రాణం తీస్తుంది.

మీ గుర్రానికి ఈ అత్యవసర లక్షణాలు లేవు కనుక కొంత వ్యవధి ఉంది. తీసిన వీడియోలు, నాడి అంకెలు, ఏ పూట ఎంత దాణా వదిలిందో రాసిన కాగితం పట్టుకుని డాక్టర్ గారిని మళ్ళీ పిలవండి, అవసరమైతే పశువైద్య కళాశాలకు పంపమని అడగండి. మీకు కోరుట్ల దగ్గర, పెద్దది రాజేంద్రనగర్‌లో ఉంది. గుర్రాన్ని బండెక్కించే ముందు ఎండోస్కోపు సదుపాయం, ఏ రోజు తీసుకురావాలో ఫోన్ చేసి కనుక్కోండి, ఎందుకంటే ఆ పరీక్షకు ముందు ఎన్ని గంటలు మేత ఆపాలో వారే చెబుతారు. అప్పటిదాకా, పైన చెప్పిన పరీక్షలకు తప్ప దాని మీద జీను వేయవద్దు. ఇప్పటికే బయానా తీసుకున్న పెళ్ళిళ్ళుంటే తోటి వృత్తివారి దగ్గర మరో గుర్రాన్ని మాట్లాడి పంపండి. చికిత్స పూర్తయ్యాక, పైన చెప్పిన తంగు పరీక్షను అదే వరుసలో మళ్ళీ చేసి, చివరి రంధ్రం దాకా చెవులు మెత్తగా ఉంటేనే కొత్త బయానా తీసుకోండి.